గాదె నిండా మొక్కజొన్న, ఎత్తు పెరగని పిల్లలు: టాంజానియా దక్షిణ ఎత్తుభూములపై తరచుగా అడిగే ప్రశ్నలు

టాంజానియాకు తిండి పెట్టేది ఏ ప్రాంతమని ఆ దేశంలో ఎవరిని అడిగినా ఇరింగా, న్జోంబే, రుక్వా, రువుమా, ఎంబేయా పేర్లు చెబుతారు. వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లలు ఎక్కువగా ఎక్కడున్నారని అడిగినా మళ్ళీ ఇరింగా, న్జోంబే, రుక్వా పేర్లే వస్తాయి. పంట పండే చోటే పిల్లలు ఎందుకు ఎదగడం లేదన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఈ సంగతి ఎప్పుడు ఎత్తినా తెలుగువాళ్ళు సాధారణంగా అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

ఇది ఎలాంటి ప్రాంతం?

టాంజానియా దక్షిణ, నైరుతి వైపున్న కొండ భూములు. ఇరింగా పట్టణం సముద్ర మట్టానికి 1,500 మీటర్లకు పైనే ఉంటుంది, న్జోంబే ఇంకా పైన. మన లంబసింగి కూడా ఇంత ఎత్తులో ఉండదు. జూన్, జూలై నెలల్లో బాగా చలి. వాన ఏడాదికి ఒక్క కారే. నవంబరు, డిసెంబరుల్లో మొదలై ఏప్రిల్, మే వరకు పడుతుంది. ఆ ఒక్క కారు మీదే ఏడాది తిండి ఆధారపడి ఉంటుంది. మొక్కజొన్న ప్రధాన పంట. దానితో పాటు మన రాజ్మా లాంటి చిక్కుడు గింజలు, బంగాళాదుంప, గోధుమ, టీ పండిస్తారు. ఈమధ్య న్జోంబేలో అవకాడో తోటలు బాగా పెరిగాయి. ఇరింగాలోని మఫింగా పట్టణం చుట్టుపక్కల కలప తోటలున్నాయి. నేల పచ్చగా, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కరువు ప్రాంతం అనుకుని వెళ్ళినవాళ్ళు ఆశ్చర్యపోతారు.

పిల్లలు బక్కచిక్కి, ఎముకలు తేలి కనిపిస్తారా?

చాలామంది కనిపించరు. ఈ సమస్యలో కష్టమంతా అక్కడే ఉంది. బుగ్గలు నిండుగా ఉంటాయి, ఆడుకుంటారు, నవ్వుతారు. మూడేళ్ళ పిల్లను చూసి రెండేళ్ళ పిల్ల అనుకుంటాం, అంతే. దీన్ని స్వాహిలీలో ‘ఉదుమావు’ అంటారు. ఊళ్ళో సగం మంది పిల్లలు అలాగే ఉంటే ఏ తల్లికీ తన బిడ్డ పొట్టిగా ఉన్నట్టు అనిపించదు. పక్కింటి బిడ్డతోనే కదా పోల్చుకునేది.

కొలత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాలతో చేస్తారు. ఆరోగ్యంగా పెరిగిన 100 మంది పిల్లలను ఎత్తు ప్రకారం వరసగా నిలబెడితే ఆఖరున ఇద్దరు ముగ్గురు ఉంటారు చూడండి, ఆ చోటుకన్నా తక్కువ ఎత్తు ఉంటే ఎదుగుదల ఆగినట్టు లెక్క. అంటే ఎక్కడైనా మామూలుగా 100కి ఇద్దరు ముగ్గురు ఉండాలి. 2022లో టాంజానియా చేసిన జనాభా ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో ఇలాంటివాళ్ళు ఇరింగాలో సుమారు 57 శాతం, న్జోంబేలో, రుక్వాలో 50 శాతం దాకా ఉన్నారు. దేశం మొత్తం మీద 30 శాతం. అంతకు ముందు 2015–16 సర్వేలో దేశం సగటు 34 శాతం, ఇరింగా 42 శాతం. దేశంలో తగ్గుతూ ఉంటే ఇరింగాలో పెరిగింది.

వాళ్ళ జాతే పొట్టేమో కదా?

ఈ మాట అక్కడి అధికారుల నోట, మన దగ్గర చదువుకున్నవాళ్ళ నోట కూడా వినిపిస్తుంది. నాకు బాధ కలిగించే మాట ఇది, ఎందుకంటే ఈ మాటతో చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఆ ప్రమాణాలను తయారు చేసేటప్పుడు బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల పిల్లలను కొలిచారు. ఇండియా నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు ఉన్నారు. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రమైన ఇల్లు, వైద్యం ఉన్నచోట ఐదేళ్ళ లోపు పిల్లలు దాదాపు ఒకేలా పెరుగుతారని ఆ కొలతల్లో తేలింది. చివరికి ఎవరు ఎంత ఎత్తు అవుతారన్న దాంట్లో వంశం పాత్ర ఉంటుంది. కానీ సగం ఊరు రెండేళ్ళకే ఆగిపోవడానికి వంశం కారణం కాదు.

పంట బాగా పండుతున్నప్పుడు తిండికి కొరత ఏమిటి?

కడుపు నిండడానికి కొరత లేదు, ఎక్కువ నెలల్లో. నిండేది దేనితో అన్నదే ప్రశ్న. మన రాగి సంకటిని తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తే ఎలా ఉంటుందో అదే అక్కడి ‘ఉగాలి’. పొద్దున పల్చటి జావ, దాన్ని ‘ఉజి’ అంటారు. మధ్యాహ్నం ఉగాలి, రాత్రి ఉగాలి. పైపొట్టు, మొలక భాగం తీసేసిన తెల్లటి పిండిని ‘సెంబే’ అంటారు, పొట్టుతో సహా ఆడించిన దాన్ని ‘దొనా’ అంటారు. మన పాలిష్ బియ్యం, దంపుడు బియ్యం తేడాయే ఇది. తెల్లగా ఉన్నదానికే గౌరవం. ఇనుము, జింకు, బి విటమిన్లలో చాలావరకు మర దగ్గరే పోతాయి. మొక్కజొన్న మాంసకృత్తుల్లో ఒంటికి తప్పక కావాల్సిన లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. పక్కన చిక్కుడు గింజలో, చేపలో, గుడ్డో లేకపోతే ఒంటికి ఆ లోటు పూడదు.

పెద్దవాళ్ళకు ఎలాగో సరిపోతుంది. ఏడాది బిడ్డ దగ్గర అసలు చిక్కు వస్తుంది. ఈ లెక్క కాస్త ఓపిగ్గా చూడండి. 8 కిలోల బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేది సుమారు 240 మిల్లీలీటర్లు, ఒక గ్లాసు. మొక్కజొన్న పిండిని కాస్త ఎక్కువ వేస్తే జావ గట్టి ముద్దయిపోతుంది, బిడ్డ మింగలేడు. అందుకని తల్లి నీళ్ళు ఎక్కువ పోసి పల్చగా కాస్తుంది. ఆ గ్లాసు జావలో మహా అయితే 80 కిలో కేలరీలు ఉంటాయి. తల్లిపాలు తాగుతున్నా, ఏడాది దాటిన బిడ్డకు పైతిండి నుంచి రోజుకు సుమారు 550 కిలో కేలరీలు కావాలి. అంటే ఆ జావను రోజుకు ఏడుసార్లు తాగించాలి. పట్టేది మూడుసార్లు, కొన్ని రోజుల్లో రెండుసార్లే. పొట్ట గుండ్రంగా ఉంటుంది, బిడ్డ ఏడవడు, పడుకుంటాడు. ఇంట్లో మొక్కజొన్న బస్తాలు అడ్డంగా పేర్చి ఉంటాయి.

ఆకుకూరలు, పప్పులు దొరకవా?

దొరుకుతాయి. ‘మ్చిచా’ అంటే మన తోటకూరే. గుమ్మడి ఆకులు, చిలగడదుంప ఆకులు, చిక్కుడు ఆకులు వండుకుంటారు. వానలున్నన్నాళ్ళు పెరడు నిండా ఉంటాయి. ఎండా నెలల్లో పోతాయి. ‘దగా’ అనే చిన్న ఎండు చేపలు సంతలో అమ్ముతారు, మన ఎండు నెత్తళ్ళ లాంటివి. వాటిని పొడి కొట్టి ఒక చెంచా జావలో కలిపితే బిడ్డకు ఎంత మేలో చెప్పలేను. పెద్దవాళ్ళ కూరలోకి వెళ్తాయి కానీ బిడ్డ జావలోకి రావడం తక్కువ. చిక్కుడు గింజలకు మార్కెట్లో మంచి ధర ఉంటుంది కాబట్టి అమ్ముతారు. కోడిగుడ్లు కూడా అంతే, పిల్లవాడి నోట్లోకి వెళ్ళే గుడ్డు కన్నా సంతకు వెళ్ళే గుడ్డు ఎక్కువ. గుడ్డు అమ్మితే ఉప్పు, సబ్బు, కిరోసిన్ వస్తాయి.

అంటే తల్లులకు అవగాహన లేదన్నమాట?

నాతో సహా చాలామంది మొదట అలాగే అనుకుంటారు. ఆ తర్వాత జనవరి నెలలో ఒక ఇల్లాలి రోజు ఎలా గడుస్తుందో చూడాలి. వాన కారు మధ్యలో ఉంటుంది, మొక్కజొన్నకు కలుపు తీసే అదను. తెల్లవారకముందే లేచి నీళ్ళు, కట్టెలు. పొయ్యి అంటించి కుండెడు ఉజి కాచి, చంకబిడ్డకు ఇంత తాగించి, మిగతాది మూతపెట్టి ఏడెనిమిదేళ్ళ అక్కకు అప్పగిస్తుంది. పొలం కొండ అవతల ఉంటే నడకే గంట. చిన్న బిడ్డయితే వీపున కట్టుకుని పోతుంది, నడక వచ్చిన బిడ్డయితే ఇంటి దగ్గరే. మధ్యాహ్నానికి ఆ జావ చల్లారి, తోడుకున్నట్టయి, ఈగలు వాలి ఉంటుంది. అక్క అందులో ఇన్ని నీళ్ళు పోసి తమ్ముడికి పట్టిస్తుంది. సాయంత్రం తల్లి వచ్చి ఉగాలి కెలికేసరికి బిడ్డ నిద్రపోతాడు.

ఈ తల్లికి రోజుకు ఐదుసార్లు పెట్టమ్మా, వేడివేడిగా పెట్టమ్మా అని చెప్తే తల ఊపుతుంది. ఆమెకు తెలుసు. ఐదుసార్లు పెట్టడానికి మనిషి ఇంట్లో ఉండాలి కదా. జనవరి నుంచి మార్చి వరకు పాత గింజ అయిపోతూ ఉంటుంది, కొత్తది చేతికి రాదు. ఆ నెలల్లో పేదింటి ఆడవాళ్ళు తమ పొలం వదిలి పక్కవాళ్ళ పొలంలో కూలికి వెళ్తారు. తన చేను వెనకబడుతుంది, వచ్చే ఏడు గింజ తగ్గుతుంది, మళ్ళీ కూలికి వెళ్ళాల్సి వస్తుంది. అవగాహన సదస్సులు పెట్టొద్దని నేను అనను. కానీ తల్లి చేతిలో గంట సమయం మిగల్చని పథకం ఏదైనా బిడ్డ గిన్నెదాకా రాదని మాత్రం గట్టిగా నమ్ముతాను.

ఇంకొక బరువు కూడా ఉంది. న్జోంబే, ఇరింగా ప్రాంతాల్లో హెచ్ఐవీ ఉన్నవాళ్ళు దేశంలోకెల్లా ఎక్కువ. 2016–17 సర్వేలో పెద్దవాళ్ళలో 11 శాతం దాటింది. తల్లో తండ్రో లేక, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు ఉన్నారు. వయసొచ్చిన ఆడపిల్లలను దేశంలోని పెద్ద నగరం దార్ ఎస్ సలామ్‌లో ఇళ్ళలో పనికి పంపడం ఇరింగాలో మామూలే. కొందరు చంకలో బిడ్డతో తిరిగొస్తారు. పదిహేడేళ్ళ తల్లి ఒళ్ళే ఇంకా ఎదుగుతూ ఉంటుంది, కడుపులో బిడ్డకు దక్కాల్సింది ఆమెకే చాలదు.

డబ్బు పంటలు వేస్తే పేదరికం పోదా?

కొంతవరకు పోతుంది, కొందరికి. అవకాడోతో ఇళ్ళకు రేకులు పడ్డాయి, పిల్లలు హైస్కూలుకు వెళ్తున్నారు, అది చిన్న సంగతి కాదు. అయితే చెట్టు నాటి మూడు నాలుగేళ్ళు ఆగగలిగినవాడికే ఆ తోట.

బంగాళాదుంప సంగతి చూడండి. బస్తాను అక్కడ ‘గునియా’ అంటారు, మన గోనె లాగే వినిపిస్తుంది. లెక్కకు అది 100 కిలోలు. కొనేవాడు బస్తా మూతి మీద ఇంకో సంచి ముక్కనో వలనో కుట్టి గోపురంలా నింపిస్తాడు. దాన్ని ‘లుంబేసా’ అంటారు. రైతుకు డబ్బు ఒక బస్తాకే వస్తుంది. తూనికల చట్టం ప్రకారం ఇది నేరం, అధికారులు హెచ్చరిస్తూనే ఉంటారు, లారీల మీద గోపురాలు పోతూనే ఉంటాయి. కాటా లేని ఊళ్ళో రైతు ఏం వాదిస్తాడు?

మొక్కజొన్నకు వేరే కష్టం. మే నుంచి జూలై వరకు అందరి పంటా ఒకేసారి వస్తుంది, ధర పడిపోతుంది. ఎరువు అప్పు, స్కూలు ఖర్చు ఆగవు కాబట్టి అప్పుడే అమ్ముతారు. ఫిబ్రవరిలో అదే గింజను ఎక్కువ ధరకు కొనుక్కుంటారు. ప్రభుత్వ ఆహార నిల్వల సంస్థ మకంబాకో, సోంగేయా లాంటి చోట్ల కొంటుంది కానీ పండిందంతా కొనలేదు. దేశంలో ధరలు పెరుగుతాయన్న భయంతో 2011లో, 2017లో మొక్కజొన్న ఎగుమతిని ఆపేశారు. పట్నంలో పిండి చవకయింది, ఆ ఖర్చు ఈ కొండల మీది రైతు భరించాడు. 2017–18 లెక్కల్లో టాంజానియా పల్లెల్లో 31 శాతం మంది పేదరిక రేఖకు దిగువన ఉన్నారు.

గింజకు పట్టే బూజు కూడా కారణమంటారు, నిజమేనా?

అఫ్లటాక్సిన్ అనే విషం గురించి. ఆరకుండా నిల్వ చేసిన మొక్కజొన్నకు, వేరుశనగకు పట్టే బూజులో పుడుతుంది. 2016లో డొడొమా, మన్యారా ప్రాంతాల్లో దీనివల్ల మనుషులు చనిపోయారు. తక్కువ మోతాదులో రోజూ తింటే పిల్లల ఎదుగుదల ఎంత దెబ్బతింటుందన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకుంటున్నారు. గాలి చొరని మూడు పొరల సంచుల్లో పెడితే ‘దుముజి’ అనే మొక్కజొన్న పురుగు కూడా చస్తుంది, మందు కొట్టక్కర్లేదు. పురుగు భయం పోతే గింజ అమ్మే తొందర కూడా కాస్త తగ్గుతుంది.

ఇదివరకు ఎప్పుడైనా పరిస్థితి మెరుగుపడిందా?

మెరుగుపడింది, అదీ ఇరింగాలోనే. ఈ జవాబు కోసమే నేను ఈ ప్రశ్నలన్నీ రాస్తున్నానేమో అనిపిస్తుంది.

1980ల మొదట్లో యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, టాంజానియా ప్రభుత్వం కలిసి ఇటలీ డబ్బుతో ఇరింగాలో 168 ఊళ్ళలో ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. ఇప్పటి న్జోంబే అప్పుడు ఇరింగాలో భాగమే, 2012లో విడిపోయింది. మూడు నెలలకు ఒకసారి ఊళ్ళో ఆరోగ్య దినం జరిపేవారు. ఐదేళ్ళలోపు పిల్లలందరినీ చెట్టుకింద వేలాడదీసిన తక్కెడలో తూచేవారు. అంతవరకు ఎక్కడైనా చేసేదే. తేడా ఏమిటంటే, ఆ లెక్కల కాగితాన్ని రాజధానికి పంపేముందు ఊరి కమిటీ ముందు పెట్టేవారు. మన ఊళ్ళో ఇంతమంది పిల్లలు బరువు తక్కువున్నారు, ఎందుకు, మన చేతిలో ఉన్నది ఏమిటి అని ఊరే కూర్చుని మాట్లాడుకునేది. కొన్నిచోట్ల పొలం పనుల రోజుల్లో పిల్లలను చూసుకునే ఇళ్ళు పెట్టుకున్నారు, అక్కడే తిండి. మూడు నెలల తర్వాత మళ్ళీ తూచి, చేసింది పనిచేసిందో లేదో చూసుకునేవారు.

1984 నుంచి 1988 లోపు బరువు తక్కువున్న పిల్లలు 56 శాతం నుంచి 38కి, మరీ తీవ్రంగా ఉన్నవాళ్ళు 6 శాతం పైనుంచి 2 లోపుకు తగ్గారు. పిల్లల పోషణకు తిండి, సంరక్షణ, ఆరోగ్యం మూడూ కావాలని, వాటి వెనక పేదరికం, అధికారం, వనరుల పంపకం ఉంటాయని చూపే పటం ఒకటి యూనిసెఫ్ 1990లో ప్రపంచానికి ఇచ్చింది. ఇప్పటికీ అన్ని దేశాల్లో పాఠంగా చెబుతారు. అది చాలావరకు ఈ ఇరింగా ఊళ్ళలో నేర్చుకున్నదే.

మరి అదే ఇరింగా ఇప్పుడు ఎందుకు వెనకబడింది?

ఒక్క కారణం చూపించలేను. అప్పుడు కొలిచింది బరువు, ఇప్పుడు కొలుస్తున్నది ఎత్తు, రెండూ ఒకటి కావు. బరువు త్వరగా వస్తుంది, ఎత్తుకు కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్ళు నిండేదాకా ఏ నెలా తప్పకుండా చూడాలి. బయటి డబ్బు ఆగాక తక్కెడ తిరగడం తగ్గింది. ఆ తర్వాత హెచ్ఐవీ వచ్చింది. కూలికి, కలప పనికి, టీ తోటలకు వెళ్ళే ఆడవాళ్ళు ఎక్కువయ్యారు. 2017 డిసెంబరులో అప్పటి ఉపాధ్యక్షురాలు సామియా సులుహు హసన్ సమక్షంలో ప్రాంతీయ కమిషనర్లు పోషణ మీద ఒప్పందాలు చేసుకున్నారు. ఐదేళ్ళలోపు ఒక్కో పిల్లకు ఇంత అని స్థానిక సంస్థల బడ్జెట్లో పెడుతున్నారు. పేద కుటుంబాలకు నగదు బదిలీ కూడా నడుస్తోంది. ఇవన్నీ మంచివే. ఊరు తన లెక్క తాను చూసుకునే అలవాటు మాత్రం ఆ పాత రోజుల్లో ఉన్నంతగా తిరిగి రాలేదని నా అభిప్రాయం.

మరుగుదొడ్లు కడితే సరిపోతుందా?

సరిపోదు. కెన్యా, జింబాబ్వేల్లో జరిగిన పెద్ద పరీక్షల్లో సాదా మరుగుదొడ్లు, చేతులు కడుక్కోవడం మాత్రమే ఇస్తే ఎత్తు పెరగలేదు. విరేచనాలు తగ్గడానికి, మనిషి గౌరవానికి అవి కావాల్సిందే.

తెలుగువాళ్ళకు ఈ విషయంతో సంబంధం ఏమిటి?

మనదీ అన్నపూర్ణే కదా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎదుగుదల ఆగిన పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. తెలంగాణలో అంతకు ముందు సర్వేలో 28 ఉండేది. వరి రికార్డు స్థాయిలో పండిన ఏళ్ళే అవి. ఇంకొక బంధం ఇంకా పాతది. మన రాయలసీమ సంకటిలోని రాగి, ఉత్తరాంధ్ర అంబలిలోని చోడి పుట్టింది తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల్లోనే. వేల ఏళ్ళ కింద మన దగ్గరికి వచ్చింది. అక్కడ దాని పేరు ‘ఉలేజి’. ఇరింగా వైపు మొక్కజొన్న వచ్చాక ఉలేజి వెనక్కి పోయింది, పండేదాంట్లో చాలావరకు ఊరి బీరు కాయడానికి వెళ్తుంది.

పల్చగా ఉండి బలమైన జావ చేయడం సాధ్యమేనా?

సాధ్యమే. టాంజానియా ఆహార పోషణ కేంద్రం 1980ల్లో ప్రచారం చేసిన పద్ధతి ఉంది, మన అమ్మమ్మలకూ తెలిసిందే. మొలకెత్తిన ఉలేజి పిండిని అక్కడ ‘కిమేయా’ అంటారు. మా ఇంట్లో రాగులు రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మూటకట్టి, దండేనికి వేలాడదీసేవారు. రెండు రోజులకు తెల్లటి మొలకలు గుడ్డలోంచి పొడుచుకొచ్చేవి. ఎండబెట్టి, మొలకలు రాలగొట్టి, పిండి పట్టించేవారు. మొలకెత్తినప్పుడు గింజలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము పిండి పదార్థాన్ని విడగొడుతుంది. మామూలు జావకు వేసేదానికి రెండింతలు మొక్కజొన్న పిండి వేసి గట్టిగా ముద్దలా ఉడికించాలి. దించి కాస్త చల్లారనిచ్చి, నోటికి పట్టేంత వేడి ఉన్నప్పుడు ఒక చెంచా కిమేయా వేసి కలపాలి. కర్ర నిలబడేంత గట్టిగా ఉన్నది కొద్ది నిమిషాల్లో చెంచాలోంచి జారుతుంది. అప్పుడు మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఒక్క పొంగు రానివ్వాలి, మొలకల్లో చేరే క్రిములు చావాలి కాబట్టి ఇది మానకూడదు. ఉంటే వేరుశనగ పొడి, ఎండు దగా పొడి ఒక్కో చెంచా వేయాలి. అదే గ్లాసులో ఇప్పుడు రెండింతల పైన బలం ఉంటుంది, బిడ్డ ఇబ్బంది లేకుండా తాగేస్తాడు.